నలభై స్పీడు దగ్గర

ఆత్మకూరులో శీనయ్య షెడ్డుకు వచ్చిన కారు ఏదైనా ముందు అతని కుడికాలి దెబ్బ తినాల్సిందే. సీట్లో కూర్చుని, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా అడుక్కంటా తొక్కి ఇంజను అరుపు వింటాడు. బండిలో లోపాలు చూపించే స్కానరు కొన్నాక కూడా ఆ అలవాటు పోలేదు. కార్ల కరెంటు పనికి చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడని పేరు మరి. ఆ పేరు అతన్ని ముంచితే పోనీ, ఇంకొకరిని ముంచింది.

ఉదయగిరి బడిలో పనిచేసే సుకుమారి టీచరు రోజూ ఆత్మకూరు నుంచి తనే కారు నడుపుకుంటూ వెళ్లేది. జూన్‌లో భర్త జయపాల్‌ను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"నలభైలో పోతా ఉంటే ఉన్నట్టుండి పికప్ పడిపోతా ఉండాదన్నా. మళ్లా దానంతటదే వస్తాది," అంది.

శీనయ్య తొక్కి చూశాడు. భేషుగ్గా ఉంది. స్కానరులోనూ ఏమీ రాలేదు. నవ్వుతూ జయపాల్ వైపు తిరిగాడు.

"బండిలో ఏం లేదు సార్. తేడా అమ్మ కాల్లో ఉండాది."

జయపాల్ కూడా నవ్వాడు. వారం తిరక్కుండా, వెనక లారీ వస్తుండగా కారు మళ్లీ మొరాయించింది. టీచరు ప్రాణాలతో బయటపడింది గానీ, నడపడం చేతకాదంటూ జయపాల్ తాళాలు లాగేసుకున్నాడు. అప్పట్నుంచి ఆమెకు బస్సే గతి.

డిసెంబరులో అదే కారు హారన్ పనికి వచ్చింది. ఆ రోజు మడమ బెణికి ఉండి, శీనయ్య పెడల్ మీద మెల్లగా కాలు ఆనించాడు. లేవబోయిన ఇంజను ఒక్క క్షణం చతికిలబడింది. జూన్‌లో టీచరు చెప్పిన మాట గుర్తొచ్చింది. కాలు ఎంత నొక్కిందో ఇంజనుకు తెలిపే పెడల్ సెన్సారుకు మీటరు తగిలించి, కొద్దికొద్దిగా నొక్కుతూ పోయాడు. సాఫీగా ఎక్కుతున్న వోల్టేజీ ఒక్కచోట ఠక్కున పడిపోయింది. నలభై స్పీడులో కాలు నిలిచే చోటే సెన్సారు లోపల అరిగిపోయింది. దూకుడుగా తొక్కేవాళ్లు దాన్ని దాటిపోతారు. పద్ధతిగా నడిపే మనిషికే అది తగులుతుంది. అలాంటి మనిషిని చేతకానిదాన్ని చేశాడు తను! సిగ్గుతో చచ్చిపోయాడు.

కొత్త పెడల్ బిగించి, జయపాల్‌కు ఫోనులో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సాయంత్రం బస్సు దిగుతున్న టీచరుకు ఎదురెళ్లి తాళాలు అందించబోయాడు.

"తప్పు నాదమ్మా. లోపం బండిదే. మీ కాల్లో ఏం లేదు."

ఆమె తాళాలు అందుకోలేదు.

"ఇప్పుడు పెడల్ మీద కాలు పెట్టాలంటేనే వణుకు వస్తా ఉండాదన్నా. మా ఆయన ఎన్ని మాటలన్నా నేను పట్టించుకోలేదు. పని తెలిసిన నువ్వు చెప్పినావు గదా అని నమ్మినాను."