చెరువు మట్టి

ఒక్క బస్తా మట్టితో కాపురం మీదకు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఈ కథ చుట్టాలకు చెప్పీ చెప్పీ నీరసం వచ్చింది. మీరూ వినేస్తే నాకో పీడ వదులుతుంది.

పెళ్ళైన కొత్తలో బందరులో అద్దెకుండేవాళ్ళం. చర్చిలో కోతల పండగకు టమాటా నారు ఇస్తానని మా ఆవిడ సునీత స్త్రీల సమాజంలో అందరి ముందూ మాటిచ్చేసింది. విత్తనాలు మొలిచాయి. ఇక కుండీల్లోకి మార్చాలి.

"నర్సరీలో కొబ్బరి పొట్టు కలిపిన మట్టి అమ్ముతారు, ఒక సంచి తెండి," అంది.

"మట్టిని కూడా కొనుక్కోవాలా? ఊరంతా ఉన్నదేంటి మరి?" అన్నాను. అప్పట్లో నాకు తెలియనిది లేదు లెండి.

తోట్లవల్లూరులో వ్యవసాయం చేసే మావయ్యగారికి ఫోన్ చేశాను. "చెరువు మట్టి తెచ్చి, బాగా చివికిన పేడ ఎరువు కలపండి అల్లుడుగారూ. ఏపుగా పెరుగుతాయి," అన్నారాయన.

ఓస్, చెరువేగా! మంగినపూడి దారిలో మా స్నేహితుడికి చెరువుంది. స్కూటర్ మీద బస్తాడు నల్లమట్టి తెచ్చి, సునీత తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వచ్చేలోగా నారంతా నాటేశాను.

సాయంత్రం ఇంటి ఓనరు ఆంటీ ముక్కు మూసుకుని మెట్లు దిగారు. "ఎండు రొయ్యలు వేయిస్తున్నారా బాబూ? కిటికీలన్నా మూసుకోండి."

మర్నాటికి ఆకులు వాలిపోయాయి. దాహమనుకుని నీళ్ళు పోశాను. ఇంకా వాలాయి. ఇంకా పోశాను. పండగ ముందురోజుకు మొక్కలు పోయి, మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. సునీత కుండీల ముందు కూలబడి, "రేపు అందరికీ నా మొహం ఎలా చూపించను?" అని ఏడ్చేసింది. నాకు తల కొట్టేసినట్టైంది. ఆ ఉక్రోషంతో మావయ్యగారికి ఫోన్ కలిపాను.

"మీరు చెప్పినట్టే చేశానండీ! చెరువు మట్టే తెచ్చాను!"

"ఏ చెరువండీ?"

"ఏ చెరువేంటండీ? మా బందరులో చెరువంటే రొయ్యల చెరువే కదా!"



"అల్లుడుగారూ," అన్నారాయన, "మా ఊళ్ళో చెరువంటే మంచినీళ్ళ చెరువండీ. నేను చెప్పింది టమాటాలకి. రొయ్యలకి కాదు."

ఫోన్ స్పీకర్లో ఉంది. ఏడుస్తున్న సునీత ఫక్కున నవ్వింది. మర్నాడు చర్చిలో "నారేదమ్మా?" అని అడిగిన ప్రతివాళ్ళకీ నన్ను చూపించింది.

అందుకే ఆ రోజు సంఘమంతటి ఎదుట ప్రమాణం చేశాను. బతికుండగా మళ్ళీ మట్టి ముట్టను. పోయాక నా మీద పిడికెడు మట్టి వేసేవాళ్ళు మాత్రం, అది ఏ చెరువుదో కాస్త కనుక్కుని వేయండి.