చూసిందే చెప్పమన్న మేడం

మా మేడం పోయారని ఆమె చెల్లెలు ఫోన్ చేసేసరికి నేను కరీంనగర్‌లో, కాలేజీ ల్యాబులో ప్రాక్టికల్ పరీక్ష పెడుతున్నాను. ఫోన్ పెట్టేశాక ఒకమ్మాయి ఏదో సందేహం అడిగితే జవాబు కూడా చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

పరిశోధనలో ఆమె నాకు గైడ్. ఆదిలాబాద్‌లో పుట్టి, హైదరాబాద్‌లో ఒక సంస్థలో జీవభౌతిక శాస్త్రవేత్తగా పనిచేసి, రిటైరయ్యాక మళ్లీ ఆదిలాబాద్‌కే వెళ్లిపోయారు. బాక్టీరియా ఒంటికంటే ఎన్నో రెట్లు పొడవైన డీఎన్ఏ మెలికలు పడి ఆ ఒంట్లోనే ఇమిడి ఉంటుంది. ఆ మెలికలు వేసేది ఒక ప్రోటీన్. డీఎన్ఏను ఒకచోట తెంపి, ఆ సందులోంచి మరో భాగాన్ని దాటించి, మళ్లీ అతికించే చిన్న యంత్రం అది. దాన్ని ఆపగలిగితే బాక్టీరియా చస్తుంది. మనం మింగే కొన్ని మందులు చేసే పని అదే.

నేను చేరిన రోజున ఇదంతా చెప్పడానికి మేడం నా చున్నీ కొస పట్టుకుని, అది తనమీద తాను చుట్టుకునేదాకా మెలిపెట్టారు. "సిరిసిల్ల పిల్లవు. మీ ఇంట్ల మరమగ్గాలు నడుస్తయి. పోగు మెలిక వడుడు నీకు నేను జెప్పాల్నా?" అని నవ్వారు.

బాక్టీరియాను ఆమె 'మనోళ్లు' అనేవారు. పొద్దున రాగానే "మనోళ్లు మంచిగున్నరా?" అని అడిగి, తర్వాతే మమ్మల్ని పలకరించేవారు. ప్రయోగం పాడైందని ఎవరైనా అంటే ఒప్పుకునేవారు కాదు. "ఏం జూశినవో జెప్పు. ఏం గావాల్నో జెప్పకు" అనేవారు.

ఆ మాట నన్ను ఎంత ఇరకాటంలో పెట్టిందో చెప్పాలి. డీఎన్ఏ ఒక కొసను గాజుకు, రెండో కొసను కంటికి ఆనని అయస్కాంతపు పూసకు అంటించి నిలబెట్టేవాళ్లం. ఆ ప్రోటీన్ యంత్రం మెలిక వేసినప్పుడల్లా పూస కొంచెం కిందికి దిగేది. ప్రతి మెలికకు ముందు యంత్రం కాసేపు ఆగుతుందని మేడం ఎప్పుడో తేల్చారు. ఆమెకు పేరు తెచ్చింది ఆ ఆగడమే. నేను గాజుకు వేసే పూత మార్చి చూశాను. ఆగడం పోయింది. మళ్లీ మళ్లీ చేసినా అంతే. అసలు ఆగేది యంత్రం కాదు. కిందికి దిగిన పూస గాజుకు అతుక్కుంటోంది.

ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. మేడం అప్పుడు కాలు విరిగిన తల్లి దగ్గర ఆదిలాబాద్‌లో ఉన్నారు. బస్సెక్కి వెళ్లాను. పత్తి సీజను. జిన్నింగు మిల్లుల దారంతా లారీలే. నేను వెళ్లేసరికి తల్లీకూతుళ్లు జొన్నరొట్టె తింటున్నారు.

"గీ పిల్ల మొకం గట్లెందుకున్నది? ముందుగాల తినవెట్టవే" అంది ఆ అవ్వ.

మేడం నన్ను చూసి, "ఏం జూశినవో జెప్పు" అన్నారు.

"పూస గాజుకు అతుక్కుంటుంది మేడం. పూత మార్చిన. ఆగుడు పోయింది."

"మొత్తం పోయిందా?"

"మొత్తం పోయింది."

రొట్టె తుంచుతున్న ఆమె చెయ్యి పళ్లెంలోనే ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

"ఏమైందే?" అని అవ్వ కంగారుపడింది.

"ఇన్నేండ్లు నేను తప్పు జూశిన్నే అవ్వా. గీ పిల్ల సక్కగ జూశింది."

"గంతేనా! ఎవలన్న సచ్చిండ్రేమో అనుకున్న."

మేడం ఏడుస్తూనే నవ్వారు. నా వైపు తిరిగి, "పరేషాన్ గాకు బిడ్డా. చెల్లెను రమ్మంట. రేపు నీతోనే వచ్చి నా చేతులతోని జేసి చూస్త" అన్నారు.

వచ్చారు, చేశారు. ఆ తర్వాత దేశంలోని పెద్దలందరూ కూర్చున్న సభలో, తన పాత ఫలితం తప్పని, దాన్ని పట్టుకున్నది ఫలానా అమ్మాయని నన్ను లేపి నిలబెట్టి చెప్పారు. ఆ ఏడాది ఆమెకు వస్తుందనుకున్న డైరెక్టరు పదవి వేరొకరికి వెళ్లింది. కారణం ఇదేనని అందరూ అన్నారు, ఆమె మాత్రం అనలేదు.

ఆ రోజు సభ బయట చాయ్ తాగుతూ, "బాధైతలేదా మేడం?" అని అడిగాను.

"ఎందుకు గాదు? అయితది" అన్నారు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "గని ఆ యంత్రమైతే ఆగుతలేదు గద" అన్నారు.

ఇవాళ నా దగ్గర చదివే పిల్లలు ఎవరైనా నా లెక్క తప్పని చెప్పడానికి భయపడకుండా వస్తున్నారంటే, అది ఆమె పెట్టిన భిక్ష.

ఆమెను చివరిసారి చూసింది నిరుడు చలికాలం, ఇచ్చోడలో ఒక బడి ఆవరణలో. రిటైరయ్యాక పాత మైక్రోస్కోపు ఒకటి పట్టుకుని ఊళ్లు తిరిగేవారు. కరెంటు అక్కర్లేనిది, ఎండను పైకి మళ్లించే అద్దం కింద ఉండేది. నేను వెళ్లేసరికి పెరుగు చుక్కలోని మనోళ్లను చూస్తూ ఒక పాప స్టూలు దిగనంటోంది. వెనక పిల్లలు గోల చేస్తున్నారు. మేడం ఆ పాపను దిగమనలేదు. పక్కనే నేలమీద కూర్చుని, ఎండ జరిగినప్పుడల్లా ఆ కంటికి వెలుగు తప్పిపోకుండా, అద్దాన్ని వేలితో కొంచెం కొంచెం తిప్పుతున్నారు.