మేం అలుగు మూసిన వానాకాలం

నాకప్పుడు పదేళ్లు... మునగాల దగ్గర మా ఊరి కుంట నిండి, అలుగు సన్నగా పారుతోంది. బడి గంట కొట్టడమే ఆలస్యం... పుస్తకాల సంచి గడప లోపలికి విసిరేసి కుంటకు ఒకటే పరుగు!

అలుగంటే మట్టికట్ట చివర రాళ్లతో కట్టిన పొట్టి గోడ. కుంట నిండితే ఎక్కువైన నీళ్లు దాని మీదుగా వాగులోకి పోతాయి.

మాకు ఒక్కటే బాధ. ఒడ్డున పెద్ద బండ ఉండేది... దాని మీంచి దూకాలని ఎంత ఆశో! కానీ బండ కింద నీళ్లు నడుం దాకానే. దూకితే మోకాళ్లు పగలడం ఖాయం.

"అలుగు మూస్తే నీళ్లు పెరుగుతయి గదనే" అన్నాను పక్కింటి మేరితో. అవును, ఆ దిక్కుమాలిన ఆలోచన నాదే! మేరి నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. "మరింకేంది, మూద్దాం పా!" అంది.

ఏ మడికి ఎన్ని నీళ్లు వదలాలో, కట్ట ఎట్లా ఉందో చూసుకునేది నీరటి తాత. ఆయన ఆ వారం కోదాడలో కూతురింటికి వెళ్లాడు. ఇంకేం... మాదే రాజ్యం! పిల్లలం ఏడెనిమిది మందిమి కలిసి ఖాళీ యూరియా సంచుల్లో మట్టి నింపి అలుగు మీద మూడు వరసలు పేర్చాం. సందుల్లో బంకమట్టి, గడ్డి కుక్కాం. చుక్క కారితే ఒట్టు!

రెండు రోజులు ముసురు పట్టింది. శనివారానికి బండ కింద నీళ్లు నా మెడ దాకా వచ్చాయి. అబ్బ... ఆ దూకుళ్లు! ముక్కు మూసుకుని ఒకరు, కేకలేస్తూ ఒకరు... పెదాలు నీలంగా మారి, పళ్లు టకటకా కొట్టుకుంటున్నా ఒడ్డెక్కితేనా!

ఆదివారం తెల్లారేసరికి కుండపోత. జర తెరిపివ్వగానే నేనూ మేరీ కుంటకు ఉరికాం. చూద్దుము కదా... నీళ్లు కట్ట అంచుకు జానెడు కింద ఉన్నాయి. ఎడ్లబండ్లు దాటి దాటి కట్ట కుంగిన చోట అయితే, సన్నటి పాయ ఒకటి అవతలికి జారుతోంది!

కట్ట కిందనే మా మేనత్త గొర్ల దొడ్డి. ఆ వారమే ఈనిన గొర్లు, కాళ్లు నిలవని పిల్లలు... వాటితోపాటు టార్పాలిన్ కింద అత్త. కట్ట తెగితే ముందు పోయేది వాళ్లే.

సంచులు పీకబోయాం. ఒక్కటీ కదల్లేదు. "ఎవ్వలికీ జెప్పకే... మా నాయన సంపుతడు" అని మేరి ఏడుపు మొదలుపెట్టింది. నాకూ భయమే. చెప్తే వీపు చిట్లుతుంది, జన్మలో మళ్లీ ఈత ఉండదు... అప్పుడే కింద నుంచి అత్త ఏదో గొర్రెను తిడుతున్న గొంతు వినిపించింది. ఇంక ఆగలేదు. ఊళ్లోకి ఉరికాను.

నీరటి తాత అప్పుడే బస్సు దిగి హోటల్లో చాయ్ తాగుతున్నాడు.

"తాతా... అలుగు మేమే మూసినం... కట్ట మీంచి నీళ్లు పోతున్నయ్!"

తిడతాడనుకున్నాను. గ్లాసు కింద పెట్టి లేచాడంతే. "నువ్వు కట్ట ఎక్కకు. బడి పక్క బాట పట్టుకొని ఉరుకు. గొర్లను తోలుకొని గడ్డ మీదికి పొమ్మని మీ అత్తకు జెప్పు. జల్ది!"

తను ఇద్దరు మనుషుల్ని, గడ్డపారను, తాడును తీసుకుని అటు పరుగెత్తాడు.

నేను చెప్పీ చెప్పగానే అత్త లేచింది. మందను బాట పట్టించి, రెండు పిల్లల్ని చంకన పెట్టుకుంది. వెనకే వచ్చిన మేరి ఒకదాన్ని, నేనొకదాన్ని ఎత్తుకున్నాం. గడ్డెక్కి వెనక్కి చూస్తే తాత నడుముకు తాడు కట్టుకుని అలుగు ఓర నుంచి ఒక్కో సంచీ పెకిలిస్తున్నాడు. ఆ సంచుల్నే మిగతావాళ్లు కట్ట కుంగిన చోటికి మోస్తున్నారు. ఇంతలో ధబ్బుమని కట్ట పక్క పెళ్ల జారి దొడ్డి మీద పడింది. కానీ కట్ట నిలిచింది! అలుగు హోరుమని దూకింది. ఊరంతా ఒకటే అరుపులు!

అప్పుడు అత్త నా చెంప మీద ఒక్కటిచ్చింది. వెంటనే కొంగుతో నా తల తుడిచింది. నేను బావురుమన్నాను.

"ఇగ ఈ పోరగాండ్లను కుంట దిక్కే రానియ్యొద్దు" అన్నారు పెద్దలు. నీరటి తాతే అడ్డం పడ్డాడు. "రానియ్యకుంటే రేపు కట్టను సూసేదెవలు? రానియ్యిర్రి. కానీ కట్ట తిరిగొచ్చినంకనే ఈత!"

ఇది శిక్షా? మాకు పండగ! ప్రతి ఆదివారం కట్ట మీదుగా పోయి, కింది వైపు నుంచి తిరిగి వచ్చేవాళ్లం. ఎండ్రకాయల బొక్కలు పూడ్చడం, తుమ్మ మొలకలు పీకడం... "కట్ట కింద తేట నీళ్లు ఊరితే ఫికర్ లేదు. బురద నీళ్లొస్తే మాత్రం లోపల కట్ట మన్ను కొట్టుకపోతున్నట్టే... ఉరికొచ్చి నాకు జెప్పాలె" అని తాత మరీ మరీ చెప్పేవాడు. ఆ తర్వాత... బుడుంగ్!

మొన్న వెళ్లాను. కట్ట మీద టైల్స్, రంగు రంగుల బెంచీలు, తొక్కుడు పడవలు... సూర్యాపేట నుంచి కూడా వస్తున్నారట. ఎంత సంబరపడ్డానో, మా కుంటే కదా! నీరటి తాత పోయి చాలా ఏళ్లయింది. ఆయన తర్వాత ఆ పనికి ఎవర్నీ పెట్టలేదట.

కాళ్లు ఊరుకోక కట్ట కింది వైపు దిగబోయాను. నిలువెత్తు కంప. పైనుంచి టికెట్లు ఇచ్చే అతను కేకేశాడు.

"మేడం, గాడ సూసేదేం లేదు! మీదికి రార్రి, ఫొటోలు ఈడ మంచిగొస్తయి!"

"కింది వైపు ఎవరు చూస్తారన్నా?" అని అడిగాను.

"కింది వైపా... గాడెవలు సూస్తరు మేడం!" అని నవ్వేశాడు.

నాకు నవ్వు రాలేదు.

మీ ఊరి కట్టను అప్పట్లో ఎవరు తిరిగి చూసేవారు? కామెంట్లలో వాళ్ల గురించి రాయండి, చదవాలనుంది... ఇప్పుడు ఎవరూ చూడట్లేదంటే మాత్రం, రాయడం తర్వాత... ముందు ఒకసారి దిగి చూసి రండి.