గేటు తీయించిన తెలుగు వార్త

మొన్న ఆదివారం మా ఇంటిల్లిపాదీ ఫరీదాబాద్‌లో మెట్రో ఎక్కి ఢిల్లీ వెళ్ళాం, సినిమా చూడటానికి. సినిమా అంటే పాటలూ ఫైట్లూ ఉన్నది కాదు, డాక్యుడ్రామా అట. జరిగిన కథను నటుల చేత మళ్ళీ జరిపించి, మధ్యమధ్యలో పాత ఫోటోలూ, ఆనాటి పత్రికల ముక్కలూ, ఇంకా బతికున్నవాళ్ళ మాటలూ చూపిస్తారు. మన చిన్నతనంలో ఇలాంటివి అసలు సినిమాకి ముందు కాసేపు వేస్తే జనం బయటికెళ్ళి సోడా తాగి వచ్చేవారు, ఇప్పుడు పనిగట్టుకుని ముందే సీట్లు చెప్పుకుని మరీ చూస్తున్నారు. మేమూ అలాగే వెళ్ళాం, ఎందుకంటే ఈసారి తెరమీద ఉన్నది మా కథ. మావారు పనిచేసిన ఫ్యాక్టరీలో, మా పెళ్ళయిన కొత్తలో జరిగిన సమ్మె కథ. ఆ సినిమాలో తమను ఏమని చూపిస్తారోనన్న దిగులుతో మావారు వారం రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు. ఏమైందంటే పంటి నొప్పి అన్నారు. నొప్పి పుట్టడానికి ఉన్న పళ్ళెన్ని గనక!

ఆ దిగులుకి కారణం ఉంది. మద్రాసీలు అమ్ముడుపోవడం వల్లే ఆ సమ్మె విరిగిపోయిందని ఫరీదాబాద్‌లో ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూ వచ్చారు. వింధ్యకు దక్షిణాన పుట్టినవాళ్ళందరూ అక్కడివాళ్ళకు మద్రాసీలే కాబట్టి, విజయనగరం నుంచీ శ్రీకాకుళం నుంచీ వెళ్ళిన మేమే ఆ మద్రాసీలం. మా మగవాళ్ళలో అందరికంటే ముందు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి వచ్చిన మనిషి మావారు.

అసలు మేం అక్కడ ఎలా బతికామో కొంచెం చెప్పాలి. ఒక గది, ఒక వంటసాల, వీధి కుళాయి, వరసగా అలాంటి ఇళ్ళ లైను. నాకు హిందీ రాదు. కొత్తిమీర కొనాలంటే వాడిపోయిన కాడ ఒకటి దాచిపెట్టుకుని కూరలవాడికి చూపించేదాన్ని. చలికాలం వస్తే ఆ చలిని తిట్టడానికైనా మాటలు చాలేవి కావు. అంత పరాయి ఊళ్ళో మాకంటూ ఉన్న ఒకే ఒక చుట్టం, పొద్దున్నే రేడియోలో వచ్చే తెలుగు వార్తలు. మాకు కూతవేటులో ఉన్న ఢిల్లీలో కూర్చుని, మా భాషలో, మా ఊళ్ళవాళ్ళ కోసం ఒకాయన వార్తలు చదువుతున్నాడంటే మా లైనులోని ఆడవాళ్ళకు ఎంత గొప్పగా ఉండేదో ఇప్పుడు చెప్పినా అర్థం కాదు. ఆయన పేరు చెప్పుకునేవాళ్ళం కాదు, వార్తలాయన అనేవాళ్ళం. వార్తలాయనకి జలుబు చేసిన రోజున మిరియాల చారు పెట్టే దిక్కు ఆయనకి ఉందో లేదోనని కుళాయి దగ్గర చర్చ జరిగేది. వార్తలు అయ్యేదాకా ఎవరింట్లోనూ గిన్నెల చప్పుడు వినిపించేది కాదు. ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ ఉన్న మగవాళ్ళు కూడా మావారి ట్రాన్సిస్టరు చుట్టూ మూగి వినేవారట.

సమ్మెకి కారణం చిన్నదేమీ కాదు. ప్రెస్సు మిషను కింద చెయ్యి పడి వేళ్ళు పోగొట్టుకున్న ఒక హర్యానా మనిషిని, ఇక పనికిరావు పొమ్మని పంపించేశారు. అతన్ని తిరిగి తీసుకోవాలనీ, మిషన్లకు అడ్డుకంచెలు పెట్టాలనీ కార్మికులు అడిగారు. వినకపోతే పనిముట్లు కింద పెట్టి లోపలే కూర్చున్నారు. టూల్ డౌన్ అంటారు దాన్ని. పని చెయ్యరు, బయటికీ రారు. ఇళ్ళ నుంచి మేం క్యారియర్లు తీసుకెళ్ళి గేటు కమ్మీల సందుల్లోంచి అందించేవాళ్ళం. నా సాంబారు మావారి దాకా చేరేలోపు ఎందరో పంజాబీ, హర్యానా నోళ్ళ మెప్పు పొంది గిన్నె అడుగుకి వచ్చేది. వాళ్ళ మొక్కజొన్న రొట్టెలు మావాళ్ళు తినేవారు. అంతమంది అంత కలిసి ఉండటం ఆ ఫ్యాక్టరీలో అంతకుముందు లేదు, ఆ తరవాతా లేదని మావారు ఇప్పటికీ అంటారు.

సంఘం నాయకులు చర్చలకని ఢిల్లీ వెళ్ళి, రాత్రికి తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున వార్తలాయన ఎప్పటిలాగే నింపాదిగా ఒక కబురు చదివారు. ఫరీదాబాద్‌లో సమ్మె ముగిసిందనీ, యాజమాన్యం కార్మికుల కోరికలకు ఒప్పుకుందనీ, కార్మికులు ఇళ్ళకు వెళ్తున్నారనీ. నేనూ ఇంట్లో విన్నాను. మా లైనంతా విన్నది. ఆ సంతోషంలో ఉన్న పాలన్నీ పోసి పాయసం పెట్టి, లైనంతా పంచి, పక్కింటి బీజీకి కూడా ఒక గిన్నెడు ఇచ్చాను. బీజీ అంటే వాళ్ళ పంజాబీలో పెద్ద తల్లి. ఆవిడ భర్తా సమ్మెలో ఉన్నాడు. ఆవిడ పాయసం తీసుకుని, హిందీ వార్తల్లో ఏమీ చెప్పలేదే అని నావైపు అయోమయంగా చూసింది. నేను పట్టించుకోలేదు. పైట సర్దుకుని గేటు దగ్గరికి పరుగెత్తాను.

లోపల జరిగింది మావారు తరవాత చెప్పారు. ట్రాన్సిస్టరులో ఆ వార్త వినగానే తెలుగువాళ్ళందరూ ఒక్కసారి లేచి నిలబడి ఒకరినొకరు కావలించుకున్నారట. మిగతావాళ్ళు, నాయకులు రానివ్వండి, తొందరేమిటి అన్నారట. మావారు, రేడియోలో చెప్పారు భాయ్, ఇంకేం కావాలి, అని నవ్వుతూ గేటు వైపు నడిచారట. రేడియో అబద్ధం చెప్పవచ్చునన్న సంగతి మాలో ఎవరికీ తట్టనే లేదు. నాయకుడు పొరబడవచ్చు, మేనేజరు మోసం చెయ్యవచ్చు, కానీ వార్తలాయన చెప్పాక ఇంక మాటేముంది? గేటు తీశారు. మావాళ్ళు బయటికి వచ్చారు. తీసిన గేటులోంచి, బయట కాచుకుని ఉన్న పోలీసులు లోపలికి వెళ్ళారు. మధ్యాహ్నానికల్లా మిగిలినవాళ్ళనందరినీ బయటికి తోశారు. సాయంత్రం నాయకులు వచ్చి, చర్చలు ఇంకా నడుస్తూనే ఉన్నాయే, ఎవరు బయటికి రమ్మన్నారు మిమ్మల్ని అని తల పట్టుకున్నారు. వేళ్ళు పోయినతనికి ఉద్యోగం రాలేదు. మిషన్లకు కంచెలు చాలా ఏళ్ళ తరవాత వచ్చాయి.

మర్నాటి పత్రికలో మాత్రం, దక్షిణాది కార్మికులు సంఘాన్ని కాదని బయటికి వచ్చేశారని వేశారు. ఎందుకు వచ్చారో రాయలేదు. రాయని చోట జనం తమకు తోచింది రాసుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మావారు నోరు మెదపరు. ఎవరితో చెప్తాం, ఎవరు నమ్ముతారు, ఊరుకో అంటారు. నేను ఊరుకునే రకాన్ని కాదు. వార్తలాయన చేత నిజం చెప్పించాలని పట్టుబట్టి, బీజీని తోడు తీసుకుని ఢిల్లీ బస్సెక్కాను. బీజీ ఎందుకు వచ్చిందంటే, అమ్ముడుపోయినవాళ్ళు లైనంతటికీ పాయసం పంచిపెట్టరన్నది ఆవిడ వాదన. రేడియో ఆఫీసు గేటు దగ్గర మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు గానీ, తెలుగు సార్లందరూ అశోకా రోడ్‌లో మన రాష్ట్రం వాళ్ళ భోజనశాలకి వెళ్తారని కాపలాదారు చెప్పాడు. అక్కడికి వెళ్ళి భోజనం హాలులో ఒక మూల కూర్చున్నాం. వచ్చేపోయే వాళ్ళలో ఎవరాయనో ఎలా తెలుస్తుంది? నా మనసులో ఆయన ఆజానుబాహువు. తీరా, పక్క బల్ల దగ్గర ఒక బక్కపలచటి మనిషి వడ్డించే అతనితో, కాస్త చారు వెయ్యి నాయనా, అన్నాడు. అంతే. రోజూ పొద్దున వినే గొంతు! లేచి నిలబడ్డాను.

నేను చెప్పిందంతా విని, ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నారు.

"చదివింది నేనేనమ్మా. ఇంగ్లీషులో వచ్చింది, తెలుగు చేసి చదివాను. ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చిన ప్రకటనట అది. తరవాతి వార్తలకి తీసెయ్యమన్నారు, తీసేశాం."

"తప్పు చదివామని చెప్పరా మీరు?" అన్నాను.

"తీసేస్తే చెప్పినట్టేనమ్మా మా దగ్గర."

ఆ మాట అన్నాక ఆయనకే సిగ్గేసినట్టుంది. వచ్చే ఆదివారం తానే ఫరీదాబాద్ వచ్చి అందరితో చెప్తానన్నారు. ప్రభుత్వోద్యోగి, పెళ్ళాం పిల్లలున్నవాడు, ఏ పై అధికారి చెవిన పడినా ప్రమాదమే. అయినా వచ్చారు. ఆయన వస్తున్నారని మా లైనంతా నీళ్ళు చల్లి ముగ్గులు పెట్టుకున్నాం. ఆడవాళ్ళు తలుపుల చాటునుంచి తొంగిచూసి, ఆయన మాట్లాడగానే, ఆయనే, ఆయనే అని ఒకరినొకరు గిల్లుకున్నారు. ఒకావిడ నిజంగానే మిరియాల చారు తెచ్చి ఇచ్చింది. సంఘం వాళ్ళను పిలిపించాం. వార్తలాయన వచ్చీరాని హిందీలో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. వాళ్ళు మర్యాదగానే విన్నారు. విని, వాళ్ళ పెద్ద లేచి, ఈయన రేడియో మనిషేనని మాకేమిటి గుర్తు, అన్నాడు.

నిజమే కదా! మాకు ఇంట్లో మనిషి అయిన ఆ గొంతును వాళ్ళెప్పుడూ విని ఎరుగరు. తెలుగు వార్తలు తెలుగువాళ్ళం తప్ప ఎవరు వింటారు? ఎవరినో తెచ్చి నిలబెట్టి నాటకం ఆడుతున్నామనుకున్నారు. వార్తలాయన ఆ క్షణాన పడ్డ అవమానం నేను ఎప్పటికీ మరచిపోలేను. బస్సు దాకా దిగబెట్టడానికి వెళ్ళిన మావారి చేతులు పట్టుకుని, క్షమించు బాబూ అన్నారట. తరవాత చాలా ఏళ్ళు ఆయన వార్తలు చదివారు, చాలా ఏళ్ళు మేం విన్నాం. ఆయన మీద మాకు కోపం రాలేదు. మావారు మాత్రం రిటైరయ్యేదాకా ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఒంటరిగానే టీ తాగారు. వేరే చోట ఉద్యోగం చూసుకోమని నేను పోరు పెట్టేదాన్ని. వెళ్ళిపోతే నిజమే అనుకుంటారు అనేవారు.

ఈ సినిమా తీసిన అమ్మాయి నిరుడు మా ఇంటికి వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. చక్కటి పిల్ల, ఓపిగ్గా విన్నది. నెలల తరవాత ఫోన్ చేసి, ఆంటీ, ఎంత వెతికినా ఆ బులెటిన్ రికార్డింగ్ ఎక్కడా దొరకలేదు, పత్రికలు మాత్రం దొరికాయి, అంది. కాగితం మీద పడ్డది ఉండిపోయింది, గాలిలో కలిసింది పోయింది. ఏం చేస్తుంది పాపం.

అందుకే హాల్లో ఆ ఘట్టం వచ్చేసరికి మావారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. తెరమీద పడుచు నటుడొకడు గేటు దాటి బయటికి వచ్చాడు. తలవంచుకుని, దొంగలా వచ్చాడు. వెనకనుంచి వ్యాఖ్యానం, ఆ ఉదయం వాళ్ళు ఎందుకు బయటికి వచ్చారో నేటికీ ఆధారాల్లేవు, అన్నది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మావారు నా వైపు ఒరిగి, "అమ్ముడుపోయారని అన్లేదు కదే," అన్నారు గొంతు తగ్గించి. ఆ పాటి దయకే సంబరపడుతున్నారు ఆ మనిషి.

సినిమా అయ్యాక ఆ అమ్మాయి వేదిక మీదికి వచ్చి, ఆనాటివాళ్ళెవరైనా ఉంటే మాట్లాడండి అంది. ఇంతకాలం నోరు మెదపని మావారు లేచి నిలబడ్డారు. మైకు తెచ్చి ఇస్తే గొంతు సవరించుకుని, ఆ పొద్దుటి వార్తను చదివారు. చదివారనే అనాలి. వార్తలాయన ఎక్కడ ఆగారో అక్కడ ఆగి, ఏ మాట మీద గొంతు దించారో ఆ మాట మీద దించి, సమ్మె ముగిసిందనీ, కోరికలకు ఒప్పుకున్నారనీ, కార్మికులు ఇళ్ళకు వెళ్తున్నారనీ, తెలుగులో, తెలుగు రాని ఆ హాలంతటికీ వినిపించారు. ఇంట్లో మేం తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబిచ్చే మా మనవరాలు, ఎవరూ చెప్పకుండానే తాతగారి పక్కన నిలబడి మైకు అందుకుంది. "నానాజీ కహ్ రహే హైఁ, రేడియో నే కహా థా, హమ్ జీత్ గయే," అంది. మేం గెలిచామని రేడియో చెప్పిందీ అని.

వెనక వరసలోంచి తలపాగా కట్టుకున్న ముసలాయన ఒకరు లేచి, "అరే భాయ్, ఇత్నే సాల్ బోలా క్యోఁ నహీఁ?" అన్నాడు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని. మావారు, "బోలా థా భాయ్," అన్నారు. చెప్పాను భాయ్ అని. ఆ పొద్దున గేటు దగ్గరా, ఆ ఆదివారం సంఘం ముందూ చెప్పిందే కదా. ఆ అమ్మాయి, సినిమా పూర్తయిపోయింది, చూద్దాం అంకుల్ అంది. చేరుస్తుందో లేదో తెలియదు.

తిరుగు మెట్రోలో మా మనవరాలు ఫోన్ తీసి, ఈ రోజుల్లో అయితే ఆ వార్త నిజమో కాదో నాలుగు చోట్ల చూసి మరీ గేటు తీసేవాళ్ళం అమ్మమ్మా, అని హిందీలోనే బోధించింది. నిజమే. ఇప్పటి పిల్లలు అలా మోసపోరు. చేతిలో వంద గొంతులున్నాయి, ఏ గొంతునూ పూర్తిగా నమ్మరు. మంచిదే, కాదనను. కానీ ఆ పొద్దున నేను గేటు బయట నిలబడి ఉన్నాను. గెలిచామన్న మాట విని, గడ్డం మాసిపోయి, చొక్కా నలిగిపోయి, తల ఎత్తుకుని నవ్వుతూ మావారు నా వైపు నడిచి వచ్చిన తీరు నేను చూశాను. ఆ తరవాత ఇన్నేళ్ళలో ఎన్నో వార్తలు విన్నాం, చూశాం. ఏ వార్త విన్నాకా ఏ మనిషీ అలా నడిచి రావడం నేను మళ్ళీ చూడలేదు.