మేళం లేని తాళి

నేలపట్టు పక్షుల చెరువు దగ్గర గుడారంలో బస చేశాను. పెద్ద శబ్దానికి తల్లి గూడబాతులు, అదే పెలికన్లు, ఎగిరిపోతే పిల్లలు గూళ్లలోంచి పడిపోతాయని, లైబ్రరీలో చదివిన సంగతి అక్కడి వంటామె రమణమ్మకు గొప్పగా చెప్పాను.

"తెలుసు సార్. గూళ్లలో పిల్లలుంటే మా ఊళ్లో మేళం పెట్టరు. రేపు మా పాప పెళ్లి. మేళం లేకుంటే తాళి కట్టనియ్యనని వియ్యంకుడు మొండికేసినాడు. చదువుకున్నోళ్లు, మీరు చెప్పండి."

మర్నాడు పెళ్లిపందిట్లో వియ్యంకుడికి చెప్పాను. "పుస్తకాలు చూసి పెళ్లిళ్లు చేస్తామా?" అన్నాడాయన.

రమణమ్మ ఆయన్ని చెరువుకట్ట మీదికి తీసుకెళ్లింది. తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేప తింటున్న పిల్లను చూపించింది.

"ఇవీ మా ఇంటి బిడ్డలే అన్నయ్యా."

తాళి కట్టే వేళ ఆయనే చెయ్యెత్తి, తను తెచ్చిన మేళగాళ్లను వాయించకముందే ఆపేశాడు. చెరువులోంచి పక్షిపిల్లల గోల వినిపించింది.

"మీ వాళ్ల మేళం బాగానే ఉంది చెల్లెమ్మా" అన్నాడు.