పోలమ్మ నూరు గవ్వలు

మా అత్త పోలమ్మ చనిపోయి మొన్న కార్తీకానికి ఏడాది నిండింది. నిజాంపట్నంలో ఇప్పటికీ ఉప్పునీళ్ళలో నాని ఎవరి కాలికి ఉప్పుపుండు పడినా "పోలమ్మ ఉంటేనా" అంటారు. నా ఎదురుగానే అంటారు. నేను తల ఊపుతాను. చివరి నాలుగేళ్ళూ ఆమె మందు చేతబట్టకపోవడానికి కారణం ఎవరో వాళ్ళకు తెలియదు. కారణం నేనే.

ముందు ఆమె సంగతి చెప్పాలి. పోలమ్మ తండ్రి పడవలకు గుగ్గిలం పట్టేవాడు. చెక్క పలకల సందుల్లో కొబ్బరి పీచు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పైన పూస్తే చుక్క నీరు లోపలికి రాదు. గుగ్గిలమంటే చెట్టు నుంచి కారి గడ్డకట్టిన జిగురే, సాంబ్రాణితో పాటు రేపల్లె పచారీ కొట్లలో దొరుకుతుంది. పడవలకు వాడగా మిగిలిన ముక్కలతో పోలమ్మ తల్లి మలాము చేసేది. ఫైబర్ పడవలొచ్చాక తండ్రి పని పోయింది. తల్లి పని మాత్రం కూతురి చేతికొచ్చింది. పడవ ఏదైతేనేం, తాడు లాగితే అరచేతులు చీలుతాయి, రొయ్యలు ఒలిస్తే వేళ్ళు తడికి నాని పాస్తాయి.

ఆ మలాము చెయ్యడం చూడ్డానికి తేలిక. నువ్వుల నూనె కాచి, గుగ్గిలం పొడి కరగబెట్టి, చిటికెడు మైలుతుత్తం కలిపి, పళ్ళెంలో నీళ్ళు పోసి అందులోకి వంపేది. అరచేత్తో రుద్ది రుద్ది ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు పోసేది. అలా నూరుసార్లు కడగాలి. తుత్తంలో ఉన్న మంటంతా ఆ నీళ్ళతో పోవాలి. అప్పటికి పచ్చటి జిగురు కాస్తా తెల్లటి వెన్నలా మారుతుంది. మా బోరు నీళ్ళు ఉప్పన కాబట్టి ఇసుకలో చెలమ తవ్వి తెచ్చిన తియ్యటి నీళ్ళే కావాలి. ఆ బిందెలు మోసింది నేను. నూరంటే ఎంతో నా నడుముకు బాగా తెలుసు.

పోలమ్మకు లెక్క ఇరవై దాటితే తడబాటు. అందుకని ఆమె తల్లి ఒక గుడ్డసంచిలో నూరు గవ్వలు పోసి ఇచ్చింది. పక్కన రెండు కొబ్బరి చిప్పలు పెట్టుకుని, కడిగినప్పుడల్లా ఒక గవ్వ ఈ చిప్పలోంచి ఆ చిప్పలోకి వేసేది. చిప్ప ఖాళీ అయితే మందు అయినట్టు. మధ్యలో ఎంతమంది వచ్చి ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడినా లెక్క తప్పేది కాదు. ఆ గవ్వల్ని ఆమె ఏనాడూ లెక్కపెట్టి చూడలేదు. అమ్మ ఇచ్చినవి నూరే అయివుంటాయని ఆమె నమ్మకం.

మందు తీసుకున్నవాళ్ళు మాత్రం గవ్వలనీ నీళ్ళనీ అనేవాళ్ళు కాదు, పోలమ్మ హస్తవాసి అనేవాళ్ళు. ఆ మాట అంటే ఆమె ముఖం చూడాలి. పైకి విసుక్కునేది, లోపల పొంగిపోయేది. వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, కాళ్ళు చాపి బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని మొదటి నీళ్ళు పోయడానికి ఆమెనే పిలిచేవాళ్ళు.

నాకు కాలు ఒకచోట నిలవదు. బాపట్లలో ఆడవాళ్ళకు సబ్బుల తయారీ నేర్పుతున్నారంటే పదిరోజులు బస్సులో తిరిగి నేర్చుకున్నాను. కొబ్బరి నూనెలో గుగ్గిలం కరిగించి సబ్బు పోశాను. పోలమ్మ దాన్ని వాసన చూసి, మా నాన్న పడవ వాసనొస్తందే అంది. అంతకు మించిన మెచ్చుకోలు ఆమె నోట రాదు. తెనాలిలో హేమ అనే అమ్మాయి సహజమైన సరుకులంటూ కొట్టు పెట్టింది. నా సబ్బులు ఆమెకు నచ్చాయి. ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడుతున్నాననీ, సబ్బులతో పాటు అరవై డబ్బాల మలాము కూడా వారంలోగా కావాలనీ ఫోన్ చేసింది. నేను పోలమ్మను ఒక్కమాట అడక్కుండా సరే అనేశాను.

ఎండాకాలం. చెలమలో నీళ్ళు ఊరడం లేదు. మా ఆయన నాగశివ వేటకు పోయి మూడురోజులైంది. పోలమ్మ తీరుబడిగా రుద్దుతూ, వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండింది. అరవై సార్లకే తెల్లబడుతోంది కదా, మిగతా నలభై ఎందుకంట, అంతా చాదస్తం అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు సంచిలోంచి నలభై గవ్వలు తీసి బియ్యం డబ్బాలో దాచాను. ఆమె కళ్ళకు అప్పటికే పొర కమ్మింది. కనిపెట్టలేదని చెప్పడానికి నాకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ రోజు చిప్ప ఖాళీ అయ్యాక కూడా పోలమ్మ చెయ్యి పళ్ళెంలోంచి తియ్యలేదు.

"అమ్మాయ్, చేతికింకా బరకగా తగులుతందే. ఇంత తొందరగా అయిపోయిందేంటి?" అంది.

మాటల్లో పడ్డావు కదా అత్తా, పొద్దు తెలియలేదు అన్నాను. ఆమె ఖాళీ చిప్పను తడిమి చూసుకుంది. తన వేళ్ళ మాట కాదని తల్లి గవ్వల మాటే విని లేచింది. వారమంతా అలాగే నడిచింది. నేను డబ్బాలు సర్దుకుని రేపల్లెలో పాసింజర్ ఎక్కి తెనాలిలో ఇచ్చి వచ్చాను.

పళ్ళేనికి అంటుకుని మిగిలింది మాణిక్యాంబకు పెట్టింది పోలమ్మ. మాణిక్యాంబ రొయ్యల షెడ్డులో ఒలుపు పనికి పోతుంది, ముప్పై ఏళ్ళుగా ఈ మందే వాడుతోంది. రెండోరోజు వచ్చి అరుగు మీద కూర్చుని చేతులు చాపింది. వేళ్ళ సందులన్నీ ఎర్రగా పొంగి బొబ్బలెక్కాయి. దెబ్బలాటకు వచ్చినా బాగుండేది.

"నీ చేతి మందు ఎప్పుడూ ఇట్టా చెయ్యలేదు పోలమ్మక్కా," అంది, అంతే.

పోలమ్మ ఆ చేతుల్ని కళ్ళ దగ్గరకు తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది. అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. మాణిక్యాంబ ఎదురుగా ఎందుకు, ఆమె వెళ్ళాక చెబుదాం అనుకున్నాను. వెళ్ళాక, ఆయన వచ్చాక చెబుదాం అనుకున్నాను.

హేమకు మాత్రం ఆ క్షణమే ఫోన్ చేశాను. నూనె చెడిపోయింది, ఒక్క డబ్బా కూడా ఎవరికీ ఇవ్వొద్దన్నాను. అదృష్టం కొద్దీ స్టాల్ ఇంకా తెరవలేదు. అరవై డబ్బాలూ వెనక్కి తెచ్చి గోతిలో పూడ్చాను. నలభై గవ్వలూ సంచిలో వేశాను. నూరుసార్లూ నా చేత్తో కడిగి కొత్త మందు చేశాను. వారానికి మాణిక్యాంబ చేతులు మానాయి.

ఇక్కడే నేను అనుకోనిది జరిగింది. పోలమ్మ ఆ తెల్లటి వెన్నను చూపుడు వేలితో అంటీ అంటనట్టు తాకి, గవ్వల సంచి నా ఒళ్ళో పెట్టింది. తన చేతిలో వాసి పోయిందనీ, పోతే పోయింది, పరాయి ఇంటికి పోకుండా నా చేతికే వచ్చిందనీ సంబరంగా వీధంతా చెప్పింది. నేనూ తలొంచుకుని విన్నాను. నా సబ్బు పేరు బాపట్లదాకా పాకింది. పొగిడిన ప్రతివాళ్ళూ నా చెయ్యి మంచిదనే అన్నారు. పొగడ్త తియ్యగానే ఉంటుంది, అబద్ధమెందుకు. రోజులు గడిచేకొద్దీ నిజం చెప్పడానికి ముఖం చెల్లలేదు.

ఆమె పళ్ళెం జోలికి రాలేదు. కూర వండేది, వల అల్లేది, మనిషి ఒంటి మీద మాత్రం చెయ్యి వేసేది కాదు. పిల్లలు కాళ్ళకు దణ్ణం పెట్టినా తల నిమరకుండా నోటితోనే దీవించేది.

మా పెద్దమ్మాయి కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. పదకొండో రోజు పెరట్లో పీట వేసి, గోరువెచ్చని నీళ్ళు తొరిపి, నాన్నమ్మను పిలిచింది. పోలమ్మ గుమ్మం దాటలేదు. తన చెయ్యి మంచిది కాదనీ, పసిగుడ్డుకు ఆ చెయ్యి వద్దనీ అంది. మునిమనవరాలిని ఆమె అప్పటిదాకా ఎత్తుకోలేదని నాకు అప్పుడు తట్టింది.

ఇంక ఆగలేకపోయాను. ఇంట్లోవాళ్ళందరి ముందే ఆమె ఎదుట కూర్చుని చెప్పాను. గవ్వలు, నలభై, బియ్యం డబ్బా, అన్నీ చెప్పాను. నీ చేతిలో ఏ దోషమూ లేదత్తా, దోషం నాది అన్నాను. ఏడుస్తూనే చెప్పాను. నాగశివ నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు.

పోలమ్మ అంతా విన్నది. కోప్పడుతుందని చూశాను, తిడితే బాగుండునని చూశాను. ఆమె చిన్నగా నవ్వింది.

"నా మనసు కష్టపడుతందని నిందంతా నువ్వు మోస్తన్నావు. నువ్వు అట్టాంటి దానివి కాదులే అమ్మా."

నిజమేనని ఒట్టు పెట్టాను. ఒట్లు పెట్టకూడదని మందలించింది. నీళ్ళు చల్లారిపోతున్నాయి, పిల్లకు నువ్వే పొయ్యి అంది.

పీట మీద నేనే కూర్చుని కాళ్ళు చాపాను. మెడ కింద వేళ్ళు ఎలా పెట్టాలో, చెవుల్లోకి నీళ్ళు పోకుండా ఎలా వంచాలో పోలమ్మ గుమ్మంలోంచి చెబుతూనే ఉంది, చేతులు రెండూ చీర చెంగులో చుట్టుకుని.