పైన్ తోటలో దుప్పటి పరిచిన రోజు

మా చిన్నప్పుడు... ఏప్రిల్ వాన వెలిసి కాస్త ఎండ కాస్తే చాలు, పక్కింటి ఇరేనా ఆంటీ కంచె దగ్గరికొచ్చి గాలి వాసన చూసేది. "సాటర్డే!" అనేది. అంతే... మా ఇంట్లో గంపలు అటక దిగేవి.

ఆస్ట్రేలియాలో ఏప్రిల్ అంటే చలికాలానికి ముందు రోజులు. మా కాన్‌బెర్రా అప్పటికి చాలా చిన్న ఊరు. ఇప్పుడు గంగాలిన్‌లో ఇళ్ళు బారులు తీరిన చోట గొర్రెలు మేస్తుండేవి. ఊరు మొత్తం మీద తెలుగు కుటుంబాలు కొన్నే. ఇరేనా ఆంటీ పోలండ్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన టీచరు. ఆమె వెనకే మేమంతా పుట్టగొడుగులకు బయల్దేరేవాళ్ళం.

ఆ పైన్ తోటలోకి అడుగుపెడితే మన నడక మనకే వినపడేది కాదు... కింద అంతా రాలిన సూదుల్లాంటి ఆకులు, మెత్తగా. చెట్ల మధ్య పొగమంచు కదలకుండా నిలబడి ఉండేది. చీర మీద నాన్న పాత స్వెట్టర్ వేసుకుని ముందు నడిచే అమ్మ, కాసేపు కనపడేది, కాసేపు కరిగిపోయేది... ఎవరో నవ్వితే ఆ నవ్వు ఎటునుంచి వచ్చిందో తెలిసేది కాదు.

ఎక్కడో ఆకులు కొంచెం ఉబ్బినట్టు ఉంటాయి. మునివేళ్ళతో జరిపితే... నారింజరంగు గొడుగు! కోస్తే కాడలోంచి క్యారెట్ రసంలాంటి చుక్కలు.

కానీ ఆంటీతో వెళ్ళామంటే పద్ధతి ఉండాలి, తోట మొదట్లోనే అందరికీ చెప్పేసేది. పరిగెత్తకూడదు. ఒకరు వంగి ఏరుతున్న చోటికి ఇంకొకరు పోకూడదు. బుల్లివాటిని ముట్టకూడదు. కోసిన చోట ఆకులు మళ్ళీ కప్పాలి, నిద్రపోయే పాపకు దుప్పటి కప్పినట్టు. చివర్లో అందరూ ఏరినవి ఒక పాత దుప్పటి మీద విడివిడిగా పోస్తే, ఆంటీ ఒక్కొక్కటీ తిప్పి చూసేది. ఆమె చూడనిది ఎవరి వంటింట్లోకీ పోకూడదు.

అమ్మకు అప్పటికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆంటీకి తెలుగు సున్నా. అయినా ఇద్దరూ పక్కపక్కనే గంటల తరబడి ఏరుకునేవారు... గోదావరి జిల్లాలో తొలకరికి పుట్టగొడుగులు ఏరిన చేతులు కదా అమ్మవి.

ఒక ఏడు ప్రకాశం అంకుల్ కుటుంబం మొదటిసారి మాతో వచ్చింది. నాన్నతో పనిచేసే ఇంజనీరు. పెద్ద గొంతు, అంతకంటే పెద్ద మనసు. మర్నాడు చర్చి అయ్యాక అందరికీ తన ఇంట్లోనే పుట్టగొడుగుల కూరతో భోజనం అని ముందే పిలిచేశాడు. ఆ ఉత్సాహంలో బియ్యం సంచీ పట్టుకుని అందరికంటే ముందు పరుగు. చిన్నవీ పెద్దవీ, కనపడ్డదల్లా పీకి సంచీలో కుక్కుతున్నాడు.

"కొంచెం నెమ్మదిగా, ప్రకాశం..." అన్నాడు నాన్న.

"ఇంత ఫారెస్టు ఉంది బ్రదర్! ఎవరి తాతగారి సొత్తని?"

ఆంటీ విన్నది. భాష అర్థం కాకపోయినా సంగతి అర్థమైనట్టే ఉంది.

చివరికి దుప్పటి పరిచారు. అంకుల్ గర్వంగా తన సంచీ ఒక చివర గుమ్మరించాడు. సగానికి సగం నలిగి ముక్కలయ్యాయి. తిప్పి చూస్తున్న ఆంటీ చెయ్యి చటుక్కున ఆగింది. తెల్లటి కాడ... లేత ఆకుపచ్చ జీర ఉన్న టోపీ ముక్క.

"ఇది ఎక్కడిది, ప్రకాశ్?" అంది ఇంగ్లీషులో.

"కార్లు పెట్టిన చోట, ఆ ఓక్ చెట్టు కింద. బాగా పెద్దదిగా ఉందని వేశాను."

ఆంటీ గొంతు పెంచలేదు. "ఇది మనిషిని చంపుతుంది. కూరలో ఒక్క ముక్క చాలు. ఏ ముక్క దేనిదో ఇప్పుడు నేను కూడా చెప్పలేను... మొత్తం పారెయ్యాలి."

అంకుల్ తల తిప్పి, తల్లి ఒళ్ళో కూర్చుని బిస్కెట్టు తింటున్న తన చిన్నకూతురిని చూశాడు. ఎవరూ చెప్పకుండానే ఒక్క ముక్క మిగలకుండా అన్నీ ఎత్తి చెత్త సంచీలో వేసి గట్టిగా ముడివేశాడు. చేతులు కడుక్కున్నాడు... మళ్ళీ కడుక్కున్నాడు. దూరంగా వెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

అప్పుడు అమ్మ దుప్పటి పక్కన కూర్చుంది. "ఇరేనమ్మగారూ, మైన్ ఓకే?"

"పర్ఫెక్ట్," అంది ఆంటీ.

అమ్మ తన కుప్ప మొత్తం దుప్పటి మధ్యకు తోసేసింది. "అన్నయ్యగారూ, రేపు భోజనం మీ ఇంట్లోనే కదా. మరి ఇవీ మీ ఇంటికే."

ఆంటీ చూశాక నాన్న తనవి తోశాడు. తక్కినవాళ్ళూ తోశారు. చలికాలానికి ఎండబెట్టుకోవాలని ఏరుకున్నవన్నీ ఆంటీ కూడా కలిపేసింది.

"నేను ఆవిడ మాట వినలేదు చెల్లెమ్మా..." అన్నాడు అంకుల్, ఇటు తిరగకుండానే.

"అదంతా తర్వాత. ముందు ఈ దుప్పటి కొస పట్టుకోండి."

ఆయన వచ్చి పట్టుకున్నాడు.

మర్నాటి ఆ ఇగురు... అల్లంవెల్లుల్లి ఘాటుకు ఆంటీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే మారు వడ్డించుకుంది. తర్వాతి ఏడాది నుంచి కొత్తవాళ్ళెవరొచ్చినా, అందరికంటే ముందు తోట మొదట్లో నిలబడి "నో రన్నింగ్!" అని అరిచేది ప్రకాశం అంకులే.

ఆ తోట తర్వాత ఒక ఎండాకాలం మంటల్లో కాలిపోయింది. ఇరేనా ఆంటీ లేదు. ఇప్పుడు ఎవరికైనా పుట్టగొడుగులు కనపడితే ఫోన్‌లో ఫోటోతోపాటు చోటు కూడా పెట్టేస్తున్నారు... సాయంత్రానికి అక్కడ నేల తవ్విపోసినట్టు ఉంటోంది. ఎవరిది వాళ్ళు మూటగట్టుకుని వెళ్ళిపోతున్నారు. అందరి ముందూ పోసి చూపించుకునే దుప్పటే లేదు...

మీరూ ఎప్పుడైనా నలుగురితో కలిసి ఏరుకుని, ఒకచోట కుప్పపోసి పంచుకున్నారా? రేగుపళ్ళో, చింతచిగురో... ఏదైనా సరే. ఎవరు ఎవరి వైపు తోశారో చెప్పండి, వినాలని ఉంది.